తెర వెనుక దుస్తుల పద్దు

నాటకంలో వేసుకునే బట్టలకు పద్దు రాసి ఉంచడం ఇంగ్లండులో నాలుగు వందల ఏళ్లు దాటిన అలవాటు. లండన్‌లోని రోజ్ నాటకశాల యజమాని ఫిలిప్ హెన్స్‌లో కాగితాల్లో 1598 నాటి దుస్తుల జాబితాలు ఉండేవి. అసలు ప్రతులు పోయినా, పండితుడు ఎడ్మండ్ మలోన్ 1790లో అచ్చు వేయించడం వల్ల వాటిలో ఏమున్నదీ తెలుస్తోంది. ఐదవ హెన్రీ పాత్ర మఖమలు గౌను, టాంబర్లేన్ పాత్ర రాగి జలతారు కోటు, చివరికి కంటికి కనబడకుండా తిరిగే పాత్ర కోసం ఒక అంగీ కూడా అందులో చేరాయి. ఇంత శ్రద్ధకు కారణం ఉంది. అప్పటి నాటక సమాజాల ఆస్తిలో పెద్ద వాటా బట్టలదే. నాటకం రాసిన కవికి ముట్టినదానికంటే ఒక్క మఖమలు గౌనుకే ఎక్కువ ఖర్చయిన సందర్భాలున్నాయి.

హెన్స్‌లో జాబితా ఆస్తి లెక్క. ఏ బట్ట ఎప్పుడు, ఎవరి ఒంటి మీదికి, ఎవరి చేతుల మీదుగా వెళ్లాలో అది చెప్పదు. లండన్, న్యూయార్క్ రంగస్థలాల్లో నేడు దుస్తులు చూసుకునే వార్డ్‌రోబ్ విభాగం రాసే కాగితాలు ఆ పని చేస్తాయి.

వాటిలో మొదటిది బట్ట కత్తిరించకముందే, నాటక ప్రతి చదువుతూ తయారవుతుంది. నిలువునా పాత్రల పేర్లు, అడ్డంగా రంగాలు వేసి గడులు గీస్తారు. ఎవరు ఏ రంగంలో ఏ వేషంతో వస్తారో గడిలో రాస్తారు. ఒక రంగం చివర రాజుగా వెళ్లిన నటుడు మరుసటి రంగం మొదట్లోనే బిచ్చగాడిగా రావాలంటే ఆ చిక్కు ఈ పట్టికలోనే బయటపడుతుంది. అప్పుడు రాజు అంగీకి పైకి గుండీలు కనిపించేలా కుట్టి, లోపల టిచ్ బటన్లో వెల్క్రోనో పెడతారు. తొలి ప్రదర్శన ముందురోజు తెలిస్తే అదే మార్పు రాత్రంతా మేలుకుని చేయాల్సివస్తుంది.

తర్వాత నటుడికొక జాబితా. అందులో కోటూ కిరీటమే కాదు, మేజోళ్లు, ఉంగరం, జేబు రుమాలు కూడా ఉండాలి. ప్రతి వస్తువు కుట్టించినదా, కొన్నదా, అద్దెకు తెచ్చినదా అన్నది పక్కనే రాస్తారు. బట్ట లోపలి వైపు నటుడి పేరు, రంగం ఉన్న చీటీ కుడతారు. కొలతల కాగితం మాత్రం వేరే ఫైల్లో, బాధ్యులకే అందేలా ఉంచాలి. అది ఒక మనిషి శరీరానికి సంబంధించిన వివరం. గోడకు అంటించడం తప్పు.

ఈ కాగితాలన్నిటిలో ప్రాణమైనది వేష మార్పుల పట్టిక. ‘ఫాంటమ్ ఆఫ్ ది ఓపెరా’ వంటి సంగీత నాటకంలో ఒక్క ప్రదర్శనకు దాదాపు 230 వేషాలు, వాటిని తొడిగించడానికి 14 మంది డ్రస్సర్లు ఉండేవారని చెబుతారు. అలాంటి చోట జ్ఞాపకం మీద ఆధారపడటం కుదరదు. ఏ మాటకు నటి లోపలికి వస్తుంది, రంగస్థలం పక్కన చాటుగా ఉండే ఏ వింగులో నిలబడుతుంది, ముందు ఏది విప్పాలి, తర్వాత ఏది తొడగాలి, వీపు హుక్కులు ఎవరు పెట్టాలి, చెప్పులు ఎవరు అందించాలి, ఎన్ని సెకన్లు దొరుకుతాయి: ఇవన్నీ వరుసగా ఉండాలి. బట్టలు సర్దే తీరు కూడా అందులోనే రాస్తారు. గుండీలు ముందే విప్పి, మొదట తొడగవలసినది అన్నిటికంటే పైన పెడతారు. ‘నీలం కోటు’ అని రాస్తే చాలదు. నీలం కోట్లు మూడుంటే ‘బంగారు అంచు నీలం కోటు’ అనే రాయాలి. కుడి, ఎడమలు ప్రేక్షకుల వైపు ముఖం పెట్టి నిలబడిన నటుడివని అందరూ ఒకే లెక్క పాటించాలి. వింగులోని మసక వెలుతురులో చదవగలిగేంత పెద్ద అక్షరాలు కావాలి. సాయంత్రం ఒక డ్రస్సరుకు జ్వరం వస్తే, ఆ నాటకం ఎన్నడూ చూడని మనిషి ఈ కాగితం పట్టుకుని ఆ రాత్రి ప్రదర్శన నడపగలగాలి. పట్టిక బాగా రాశారో లేదో తేల్చే పరీక్ష అదే.

ఉతుకుల పట్టిక చిన్నదే. ఒంటికి తగిలేవి ప్రతి ప్రదర్శన తర్వాతా ఉతకాలి. మఖమలు, పూసల పని చేసినవి నీటిలో వేయకూడదు కనుక చెమట వాసన పోవడానికి వోడ్కా చల్లుతారు. ఊడిన కుట్లు, తెగిన హుక్కులు నటులే రాసేలా ఒక కాగితం హ్యాంగర్ల దగ్గర వేలాడుతుంది.

తెలుగు నాటకానిది మరో దారి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు చేతుల్లో మొదలైన సురభి నాటక సమాజం కుటుంబంగానే సాగింది. తెర వెనుక పుట్టి పెరిగిన పిల్లలకు ఏ వేషానికి ఏ నగ వెళ్తుందో విడిగా నేర్పనక్కర్లేదు. ఆ జ్ఞానం ఎంతో విలువైనది. అందుకే దాన్ని కాగితం మీద కూడా పెట్టాలి. పెద్దవాళ్లు తప్పుకున్నప్పుడు కిరీటాలు, భుజకీర్తులు పెట్టెలో మిగులుతాయి గానీ, ఏది ఎవరికి ఎలా కట్టాలో మిగలదు. కిరాయికి దుస్తులు తెచ్చుకునే పద్యనాటక బృందాలకు తిరిగి అప్పగించే రోజున ఈ జాబితా మరింత అవసరం.

నాటకం ముగిశాక చివరి లెక్క ఉంటుంది. బట్ట ముక్క నమూనాలు, అద్దకపు పాళ్లు, వేషాల ఫొటోలు ఒకే పుస్తకంలో చేరుస్తారు. ఏళ్ల తర్వాత నాటకం మళ్లీ వేయాలంటే అదే కోటు కుట్టడానికి ఆధారం అదే. అద్దెవి తిరిగి పంపి రసీదు తీసుకుంటారు. సొంతవి ఉతికి ఆరబెట్టి పెట్టెల్లో పెట్టి, లోపలి వస్తువుల జాబితాను ప్రతి పెట్టె మూతకు అంటించి, దాని నకలు ఆఫీసు పుస్తకంలో ఉంచుతారు.