బెత్తెడు దూరం

మా ఇంట్లో కుక్కరు మూడు కూతలు కూస్తేగానీ పప్పు ఉడకదని ఇరవయ్యేళ్ళుగా నాకు తెలుసు. ఆ మూడో కూతకీ, నా నవలలో నాయిక కన్నీళ్ళకీ ఏదైనా సంబంధం ఉంటుందని మాత్రం పోయిన వేసవి దాకా తెలియదు.

అదేమిటో చెప్పాలంటే ముందు మా అత్తయ్య సంగతి చెప్పాలి. ఆవిడ తెనాలి దగ్గర పల్లెలో కాపురం ఉన్న రోజుల్లో, మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని వారపత్రికల్లో సీరియల్ పైకి చదివేవారట. చుట్టూ ఏడెనిమిది మంది ఆడవాళ్ళు. ఒకరు చింతపండు పిక్క తీస్తూ, ఒకరు పిల్లకి జడ వేస్తూ వినేవారు. అందులో సగం మందికి అక్షరం ముక్క రాదు. "తరువాయి వచ్చేవారం" అనగానే అందరూ అత్తయ్య మీద విరుచుకుపడేవారట, ఆవిడే కావాలని ఆపేసినట్టు. అటువంటి మనిషికి ఇప్పుడు ఎనభై ఒకటో ఏడు. నీటికాసులు రెండు కళ్ళనీ తినేశాయి. వెలుగూ నీడా తప్ప ఏమీ ఆనవు.

రోజూ రాత్రి ఒక ప్రకరణం నేనే చదివి వినిపించేదాన్ని. కానీ నా రాతపనీ, ఇంటిపనీ మధ్య వారంలో మూడు రోజులు ఎగ్గొట్టేదాన్ని. ఆవిడ అడగరు. అడగకపోవడమే నాకు బాధ. "రికార్డు చేసి పెట్టెయ్యమ్మా, నాన్నమ్మ ఎప్పుడు కావాలంటే అప్పుడు వింటుంది. పాడ్‌కాస్ట్‌గా పెడితే ఇంకా ఎంతమందో వింటారు" అన్నాడు మావాడు. ఈ పాడ్‌కాస్ట్ అన్న మాట 2004లో ఒక ఇంగ్లీషు పత్రికలో పుట్టిందట, ఐపాడ్‌నీ బ్రాడ్‌కాస్ట్‌నీ కలిపి కుట్టి. మన అరుగు చదువుకి అంతకన్నా మంచి పేరు దొరక్కపోదు గానీ, పోనివ్వండి.

మా తమ్ముడి కొడుకు దగ్గర ఒక మైకుంటే అరువు తెచ్చాం. యూఎస్‌బీ మైకు. అంటే పెట్టెలూ మిక్సర్లూ ఏమీ అక్కర్లేదు, మాటని అంకెల్లోకి మార్చే సరంజామా దాని కడుపులోనే ఉంటుంది, తీగ తీసి కంప్యూటరుకి తగిలిస్తే సరి. నిగనిగలాడుతూ, బల్లమీద నిలబడి, అచ్చం పెళ్ళికొడుకులా ఉంది. సభలో మాట్లాడినట్టు దాని నెత్తిమీదకి వంగి గంటసేపు చదివాను. నాయిక గోదావరి గట్టుమీద నిలబడే ఘట్టం. నాకే కళ్ళు చెమర్చాయి.

అత్తయ్య విన్నారు. ఆసాంతం విన్నారు. విని, "అమ్మాయ్, కథ బాగానే ఉంది. కానీ ఆ పిల్ల గోదాట్లో దూకబోతుంటే పక్కన కుక్కరెవరు పెట్టారే?" అన్నారు.

కుక్కరొక్కటేనా! ఫ్యాను రొద, కింద వీధిలో ఆటో హారను, ఎదురింటి వాళ్ళ మిక్సీ, అన్నీ ఉన్నాయి. నా గొంతు మాత్రం నూతిలోంచి వస్తున్నట్టుంది. తీరా తెలిసిందేమిటంటే, ఆ రకం మైకులు నెత్తితో వినవు, చెంపతో వింటాయి. ఎదురుగా కూర్చుని పక్కభాగంలోకి మాట్లాడాలి. నేను గంటసేపు దాని నడినెత్తికి కథ చెప్పాను. అది నా తప్పే, మైకు తప్పు కాదు. కానీ మిగతాదంతా ఎవరి తప్పు?

నవలలు రాస్తాను, ఇతరుల నవలల మీద విమర్శలూ రాస్తాను. పాత్రలు బావున్నాయా, కథనం నడిచిందా అని నిలదీస్తాను. మరి మైకుని నిలదీయలేనా అనుకున్నాను. ఇంతమంది ఆడవాళ్ళు ఇప్పుడు వంటలూ, కథలూ, పాటలూ రికార్డు చేస్తున్నారు, ఆదివారాలు ప్రత్యక్షంగానూ చదువుతున్నారు. వాళ్ళందరికీ దుకాణాల వాళ్ళు చూపించేది మైకు రూపం, రంగు, అడుగున వెలిగే దీపం. చీర కొనేటప్పుడు పోగు చూసే మనం, మైకు కొనేటప్పుడు పెట్టె మీద బొమ్మ చూసి కొనేస్తున్నాం.

పోగు సంగతి చెబుతాను. మైకుల్లో ముఖ్యంగా రెండు కులాలున్నాయి. ఒకటి కండెన్సర్. 1916లో అమెరికాలో వెంటీ అనే ఇంజనీరు కనిపెట్టాడు. పల్చటి పొర, దాని వెనక ఒక పలక, మధ్యలో విద్యుత్తు. గాలి కదిలితే పొర కదులుతుంది. పొర మహా తేలిక కాబట్టి చీమ చిటుక్కుమన్నా పట్టేస్తుంది. రెండోది డైనమిక్. ఇందులో పొరకి ఒక తీగచుట్ట అంటించి ఉంటుంది. ఆ చుట్ట అయస్కాంతం మధ్యలో ఊగితే కరెంటు పుడుతుంది. చుట్టని మోయాలి కనక పొర కాస్త మొద్దు, కాస్త బద్ధకం. దగ్గరకొచ్చి చెబితేనే వింటుంది, దూరపు సందడిని అంతగా పట్టించుకోదు.

చదివేవాళ్ళెవరైనా మొదటిదే గొప్పదంటారు. సున్నితమైనది కదా మరి! మూసిన గదిలో, మెత్తటి గోడల మధ్య అది నిజంగా గొప్పదే. కాలేజీలో ఉండగా యువవాణికి కథ చదవడానికి విజయవాడ రేడియో స్టేషనుకి వెళ్ళాను. ఆ గదిలో నా మాట నా పెదవుల దగ్గరే రాలిపోయింది. గోడకి తగిలి తిరిగి రాలేదు. నేల మీద తివాచీ, గోడలకి చిల్లుల పలకలు, బరువైన తలుపులు. అద్దం అవతలి నుంచి ఒకాయన చెయ్యెత్తి సైగ చేస్తే మొదలుపెట్టాను. రేడియోలో ఆ గొంతులంత నిండుగా ఎలా వినిపించేవో ఆ రోజు అర్థమైంది. సగం గొంతుదైతే సగం గదిది.

మన ఇళ్ళో? నున్నటి టైల్స్, బోసి గోడలు, తలమీద ఫ్యాను. ఏప్రిల్‌లో బెజవాడలో ఫ్యాను ఆపి ఒక ప్రకరణం చదివి చూడండి, మీకే తెలుస్తుంది. ఇటువంటి ఇంట్లో చీమ చిటుక్కుమన్నా వినే మైకు పెట్టుకోవడం, వీధి అరుగు మీద పట్టుపరుపు పరచడం లాంటిది.

ఈ జాతిలో అందరి నోటా నానేది బ్లూ యెటీ. 2009లో వచ్చింది. లోపల మూడు కండెన్సర్ గుళికలు. మీట తిప్పితే నాలుగు రకాలుగా వింటుంది: ముందువైపే, అన్నివైపులా, ఎదురెదురుగా రెండువైపులా, స్టీరియోగా. నలుగురు బల్ల చుట్టూ కూర్చుని కబుర్లు చెప్పుకుంటే ఆ మీట అక్కరకొస్తుంది. ఒక్కత్తే కూర్చుని చదువుకునేదానికి ముందువైపు వినేది చాలు. దాన్ని కార్డియాయిడ్ అంటారు, హృదయాకారం అని అర్థం. పేరైతే ఎంతో బావుంది గానీ, ఆ హృదయం మన వెనకున్న ఫ్యానుని కూడా ప్రేమిస్తుంది.

ఇంకో మోసం అంకెలది. 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్ అని పెట్టె మీద దిట్టంగా అచ్చేస్తారు. మనిషి చెవి వినేదే 20 హెర్ట్జ్ నుంచి 20 వేల దాకా, వయసు పైబడితే అదీ లేదు. అంతవరకూ పట్టడానికి సెకనుకి 44,100 నమూనాలు చాలని, 1982లో సీడీలు వచ్చిననాడే తేల్చేశారు. మన చదువుకి 48 వేలు ధారాళం. ఆపైన చెల్లించేదంతా చారులో కుంకుమపువ్వు.

మరి నేనేం తెచ్చుకున్నానంటారా? శామ్‌సన్ క్యూ2యూ. డైనమిక్, యూఎస్‌బీ. చూడ్డానికి కల్యాణమండపంలో "చిట్టచివరి పంక్తి లేవండి" అని పిలిచే మైకులా ఉంటుంది, ఏ సోకూ లేదు. అదే తోవలో షూర్ ఎమ్‌వీ7 అని 2020లో వచ్చినది ఇంకా నాజూకైనది, ఖరీదూ అందుకు తగినట్టే ఉంటుంది. మొదటిసారి కొనేవాళ్ళు అంతదూరం పోనక్కర్లేదని నా అభిప్రాయం. నా మైకుకి ఇయర్‌ఫోను తగిలించుకునే బెజ్జం ఉంది. ఇది చిన్న విషయం కాదు. ప్రత్యక్షంగా చదివేటప్పుడు మన గొంతు కంప్యూటరులోంచి చుట్టు తిరిగి ఒక క్షణం ఆలస్యంగా చెవిన పడితే నాలుక తడబడుతుంది, ఎంతటి వక్తకైనా సరే. మైకు నుంచే నేరుగా వింటే ఆ బాధ లేదు.

డైనమిక్ మైకుకి ఒక షరతుంది. దగ్గరగా రావాలి. బెత్తెడు దూరం. అంటే నాలుగు వేళ్ళు అడ్డంగా పెట్టినంత. రెండు బెత్తలకి జరిగారా, మీ మాట ఆరు డెసిబెల్స్ పడిపోతుంది, ఫ్యాను రొద మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. అప్పుడు చాలామంది చేసే పని, వెనక ఉన్న గెయిన్ అనే మరని తిప్పడం. అది మీ గొంతుతో పాటు ఫ్యానునీ పెంచుతుంది. దగ్గరకి జరగాలి గానీ మర తిప్పకూడదు.

ఇక్కడే తెలుగు పెట్టే పేచీ ఒకటుంది, ఏ దుకాణం వాడూ చెప్పడు. మనకి ప, బలతోనే కాదు, ఫ, భలతో కూడా గాలి దెబ్బ ఉంది. "భర్త" అన్న మాట బెత్తెడు దూరంలోంచి సూటిగా అనండి, మైకులో బాంబు పేలుతుంది. (నా నవలల్లో ఆ మాట ఎన్నిసార్లు వస్తుందో అప్పుడే లెక్క తేలింది.) నోటికి ఎదురుగా కాకుండా కాస్త పక్కకి, పెదవి కొసకి ఎదురుగా పెట్టుకుంటే గాలి పక్కనుంచి పోతుంది. స్పాంజి తొడుగూ వెయ్యాలి. ఇక స, శ, షల ఈల చౌక కండెన్సర్లలో చెవులు కోస్తుంది, ఆడగొంతుల్లో మరీను.

అంతకన్నా పెద్ద అపకారం, రొదని తుడిచేస్తామనే సాఫ్ట్‌వేర్లది. మావాడు ముందు ఆ కుక్కరు రికార్డునే అలా కడిగాడు. గొంతు ఒక మట్టానికి తగ్గితే చాలు, అది రొద అనుకుని తలుపు మూసేస్తుంది ఆ యంత్రం. కుక్కరు పోయింది, నిజమే. దాంతో పాటు నా వాక్యాల కొసలూ పోయాయి. ఇంగ్లీషులో మాట హల్లుతో ఠక్కున ఆగినా చెల్లుతుంది. మనది అజంత భాష. మాట చివర అచ్చు మెల్లగా దిగాలి. "వచ్చాడు"కీ, "వచ్చాడో"కీ, "వచ్చాడే"కీ తేడా అంతా ఆ కొసలోనే ఉంది. "ఆవిడ వెళ్ళిపోయింది" అని నేను గొంతు తగ్గించి చదివిన చోట "ఆవిడ వెళ్ళిపోయిం" అని కోసేసింది. కుక్కరున్నా బావుండేదనిపించింది. రొద తుడవడమంటే ముందు కిటికీ వెయ్యడం, ఆ తర్వాత చీరల బీరువా తలుపులు బార్లా తెరిచి దాని ముందు కూర్చోవడం. నేనిప్పుడు అదే చేస్తున్నాను. వెనక గోడకి రెండు బొంతలు వేలాడదీశాను. నా పట్టుచీరలకి పెళ్ళిళ్ళ తర్వాత ఇదే మొదటి సద్వినియోగం.

మైకుని మెచ్చుకున్నాను కనక దాని దోషమూ చెప్పాలి. దగ్గరగా చదివితే ఇది గొంతులో మందరాన్ని పెంచుతుంది. ఆ బరువుకి చదివేవాళ్ళు మురిసిపోతారు. ఈమధ్య విన్న కథల్లో నాకు నచ్చనిది ఇదే. పెళ్ళిచూపులైనా, పెరట్లో పాము అయినా ఒకటే గుసగుస, ఒకటే గంభీరం, కిందనుంచి ఒకటే వీణ. కథలో మేనత్త ఉంటుంది, పాలవాడుంటాడు, నాలుగేళ్ళ పిల్ల ఉంటుంది. వాళ్ళందరూ నడిరాత్రి రహస్యం చెప్పుకుంటున్నట్టు మాట్లాడతారా? నేనూ మొదటి మూడు ప్రకరణాలు అలాగే చదివాను, సిగ్గు విడిచి చెబుతున్నాను. అత్తయ్య విని, "బావుందమ్మా, రేడియోలోలా ఉంది" అన్నారు. కాసేపాగి, "నువ్వు చదివితే ఎప్పుడు వింటాను?" అన్నారు.

ఆ మూడు ప్రకరణాలూ చెరిపేశాను. మళ్ళీ చదివేటప్పుడు అత్తయ్యని ఎదురుగా మోడా మీద కూర్చోమన్నాను. ఆవిడకి చెబుతున్నట్టే చదివాను. ఒకచోట నాలుక మడతపడింది, ఒకచోట నవ్వొచ్చింది. వంటింట్లో కుక్కరు ఈసారీ కూసింది గానీ, ఎక్కడో దూరాన రైలు వెళ్ళినట్టు తప్ప వినిపించలేదు. ఉంచేశాను.

అయిపోయాక ఆవిడ చెయ్యి చాచి బల్లమీద తడిమారు. మైకు చేతికి తగిలింది. పైనుంచి కిందకి నిమిరి చూసి, "ఇంతేనా ఇది! ఎంత దూరంలో కూర్చోవాలి?" అని అడిగారు.

"బెత్తెడు, అత్తయ్యా."

నాలుగు వేళ్ళు గడ్డానికి ఆనించుకుని కొలుచుకున్నారు. పుస్తకం చదవలేరు కదా, ఏం చేస్తారో అని చూస్తున్నాను. గొంతు సవరించుకుని, అరుగు మీద రోజుల్లో తనకి కంఠతా వచ్చిన సీరియల్ ఒకటి, పేరు ఆవిడకే గుర్తులేదు, మధ్యలోంచి ఎత్తుకున్నారు. నేను లేచి చప్పుడు కాకుండా వంటింట్లోకి వెళ్ళి స్టవ్ ఆపేశాను.