విలన్‌కి అన్నం వండేదెవరు?

పాలకొల్లు అనగానే బయటి ఊళ్ళవాళ్ళు క్షీరారామం గోపురం గురించైనా అడుగుతారు, సినిమావాళ్ళ గురించైనా అడుగుతారు. అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు, కోడి రామకృష్ణ ముగ్గురూ ఇక్కడివాళ్ళే. ఊరి గొప్ప చెప్పుకునేటప్పుడు అందరూ ఆడిన సినిమాల లెక్క చెబుతారు. నాకు మాత్రం ఈ ఊరు తెలుగు తెరకి ఇచ్చినవాటిలో విలన్లనే ముందు చెప్పుకోవాలనిపిస్తుంది. అల్లు నవ్విస్తూ నవ్విస్తూనే కొంపలు కూల్చే పాత్రలు వేశారు. కోడి రామకృష్ణ ఒకరి తర్వాత ఒకరిగా విలన్లను తయారుచేశారు, అందులోనూ ఆడవాళ్ళకి ఎదురుగా నిలబెట్టడానికి.

ఇప్పుడు ఈ సంగతి తవ్వుకోవడానికి కారణం ఒక ఆట. నా దగ్గర చదువుకుని హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్న అమ్మాయి ఒకతె సంక్రాంతి సెలవులకి వచ్చి, "మేడమ్, నాకో మంచి విలన్ కావాలి" అంది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అని, 1974లో అమెరికాలో గైగాక్స్, ఆర్నెసన్ అనే ఇద్దరు తయారుచేసిన ఆట అది. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు తలా ఒక పాత్ర అవుతారు. కత్తి వేటు తగిలిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. హరికథలాంటిదే అనుకోండి, కాకపోతే వినేవాళ్ళు మధ్యలో లేచి దాసుగారి కథని మార్చేయొచ్చు. కథ నడిపేవాళ్ళకి అన్నిటికంటే కష్టమైన పని ప్రధాన విలన్ని తయారుచేసుకోవడమేనట. ఈ పిల్ల అప్పటికే ఒకణ్ణి రాసుకుంది. కాలిన ముఖం, కొండమీద కోట, చచ్చినవాళ్ళ సైన్యం. (మన డెల్టాలో కొండ ఎక్కణ్ణించి వచ్చిందని నేను అడగలేదు.) ఒక్కటే అడిగాను: "ఏమ్మా, ఈయనకి అన్నం ఎవరు వండుతున్నారు?"

హాస్యానికి అడగలేదు. కోడి రామకృష్ణ సినిమాలు చూస్తున్నప్పుడల్లా నన్ను వేధించే ప్రశ్నే అది.

1982లో ఆయన తొలి సినిమా 'ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య'. గొల్లపూడి మారుతీరావుని నటుడిగా తెచ్చి విలన్ పాత్ర ఇచ్చారు. మంత్రాల్లేవు, కోరల్లేవు. మన వీధిలో ఎదురుపడితే పలకరించి వెళ్ళే రకం మనిషి. అక్కణ్ణించి 1989లో 'అంకుశం'కి వచ్చేసరికి రామిరెడ్డి నీలకంఠం అయ్యాడు. 1995లో 'అమ్మోరు'లో అదే రామిరెడ్డి క్షుద్రోపాసకుడు గోరఖ్. 2009లో 'అరుంధతి'. వీధిలోని మనిషి పోనుపోను శ్మశానానికి చేరాడు. సాంకేతికంగా ఇది ఎదుగుదలే, కాదనను. కానీ ఇంట్లో ఉన్నవాణ్ణి శ్మశానానికి పంపేస్తే ఇల్లు ఎంత తేలిగ్గా కడుక్కుపోతుందో కూడా చూడాలి.

'అమ్మోరు'లో సౌందర్య వేసిన భవానిని నిజంగా ఏడిపించుకు తినేది అత్తింటి మనుషులు. దేవత ఆ ఇంటికి పనిపిల్లగా వస్తుంది. అది గొప్ప ఊహ. అంట్లు తోమే చోటికి దేవత దిగివచ్చిందంటే హింస ఎక్కడ జరుగుతోందో కథ రాసినవాళ్ళకి బాగా తెలుసన్నమాట. అయినా చివరి యుద్ధం గోరఖ్‌తోనే. రమ్యకృష్ణ ఉగ్రరూపానికి సరిజోడుగా ఒక భయంకరమైన ముఖం కావాలి మరి. ఆ సినిమాకి పన్నెండేళ్ళ ముందే, 1983లో, మన శిక్షాస్మృతిలో 498ఏ చేరింది (2024 నుంచి న్యాయ సంహితలో అది 85వ సెక్షన్). ఆ సెక్షన్ భర్త అని ఆగలేదు, భర్త బంధువులు అని కూడా అంది. విలన్ బహువచనంలో ఉంటాడని చట్టానికి తెలిసింది. సినిమాకి మాత్రం ఏకవచనమే కావాల్సివచ్చింది.

'అరుంధతి' మీద నా అభిప్రాయం ఇంకాస్త చిక్కుగా ఉంటుంది. పశుపతి అనగానే అందరికీ సోనూ సూద్ ఆకారం, రవిశంకర్ గొంతు, 'బొమ్మాళీ' అన్న పిలుపు గుర్తొస్తాయి. నాకు గుర్తుండేది అంతకుముందు పశుపతి, గద్వాల సంస్థానం అల్లుడు. చూపులేని నాట్య గురువుని చెరిచి చంపినప్పుడు వాడికి ఏ మంత్రమూ రాదు. అవసరమూ లేదు. వాడి బలమంతా అల్లుడన్న మాటలోనే ఉంది. వాణ్ణి శిక్షించడమంటే ఇంటి ఆడపిల్ల పసుపు కుంకుమలు తీసెయ్యడం. ఆ అక్క ప్రాణం తీసుకున్నాకే చిన్నపిల్ల అరుంధతి తీర్పు చెబుతుంది, వాణ్ణి గుర్రానికి కట్టి ఈడ్పిస్తారు. ఆ పావుగంట తెలుగు సినిమాలో విలన్ ఎలా తయారవుతాడన్నదానికి పాఠంలా పెట్టుకోవచ్చు. తర్వాత వాడు అఘోరాల్లో చేరి తిరిగొస్తాడు, సమాధి, ప్రేతం, గ్రాఫిక్సు. నేను చూస్తూనే ఉంటాను, భయం మాత్రం వెయ్యదు. ప్రేతం మన ఇంటి పెళ్ళి పీటల మీద కూర్చోదు. అల్లుడు కూర్చుంటాడు.

ఇంటి మనుషులే విలన్ని నిలబెడతారన్న ఎరుక మనవాళ్ళకి ముందునించీ ఉంది. 1975 'ముత్యాల ముగ్గు'లో అందరూ రావుగోపాలరావు కాంట్రాక్టర్ని తలుచుకుంటారు. కోడలి గదిలోకి రాత్రిపూట పరాయి మగవాణ్ణి పంపించే ఆ పన్నాగం వెనక ఉన్న బంధువు అల్లు రామలింగయ్య. ఇంకా వెనక్కి వెళితే, ఒక్కసారైనా భార్యని అడగకుండా నమ్మేసిన మొగుడు. అతను నమ్మకపోతే కాంట్రాక్టరు కేవలం మంచి డైలాగులు చెప్పే మనిషిగా మిగిలిపోయేవాడు.

ఆ పిల్ల తన ఆటలో పేరుమోసిన విలన్ గురించి చెప్పినప్పుడు పశుపతే గుర్తొచ్చాడు నాకు. 1983లో ట్రేసీ హిక్‌మన్, లారా హిక్‌మన్ అనే భార్యాభర్తలు 'రేవెన్‌లాఫ్ట్' అనే కథ రాశారు. ఆట ఆడుతుండగా నేలమాళిగలో కారణం లేకుండా ఒక రక్తపిశాచి ఎదురైతే, అసలు వీడిక్కడ ఏం చేస్తున్నాడన్న ప్రశ్నతో ట్రేసీ ఇంటికొచ్చాడట. ఆ ప్రశ్నలోంచి పుట్టినవాడు స్ట్రాడ్. తమ్ముడికి నిశ్చయమైన టాట్యానా కావాలంటాడు, తమ్ముణ్ణి చంపుతాడు, ఆమె కోటమీంచి దూకేస్తుంది. ఆమె మళ్ళీ మళ్ళీ పుడుతుంది, వీడు కాచుకుని ఉంటాడు. 2016లో వచ్చిన 'కర్స్ ఆఫ్ స్ట్రాడ్'లో ఆమె పేరు ఇరీనా. జన్మజన్మలకీ ఆడదాన్ని వదలని పీడ! పశుపతికి దూరపు చుట్టమే. ఈ పుస్తకం ముందుమాటలో ట్రేసీ ఒక మంచి మాట రాశాడు: ప్రేమిస్తే రాక్షసుడు మారతాడన్న అబద్ధాన్ని ఈ మధ్య రక్తపిశాచి కథలు అమ్ముతున్నాయనీ, స్ట్రాడ్ అలాంటివాడు కాదనీ.

అంతా బాగానే ఉంది. కానీ ఇరీనా పాత్రని ఆడేవాళ్ళకి ఇవ్వలేదు. అది కథ నడిపేవాళ్ళ చేతిలో ఉంటుంది. వచ్చిన వీరులు ఆమెని కాపాడాలి, ఒకచోటి నించి ఇంకోచోటికి చేర్చాలి. అరుంధతి అలా కాదు. పావు కాదు, పాచిక విసిరే మనిషి. ఈ ఒక్కచోట మన సినిమా వాళ్ళ ఆటకంటే ముందుంది. అయితే విసిరినందుకు ఆమె కట్టిన ధర చూడండి. జేజమ్మ తన ప్రాణం ఇచ్చి, తన ఎముకల్ని ఆయుధం చేయించుకుని మళ్ళీ పుట్టాలి. విలన్ బలం పెంచుతూ పోయిన కొద్దీ ఆడదాని త్యాగం కూడా పెరుగుతూ పోతుంది. ఎవరూ బడ్జెట్టు వెయ్యని ఖర్చు అది.

మా అమ్మాయి రెండు రోజులు ఆలోచించుకుని కొండమీద మాంత్రికుణ్ణి కొట్టేసింది. కొత్త విలన్ కాలవ శివారు ఊళ్ళో ఉంటాడు. పొలాలకి నీటి వంతులు, ఇళ్ళల్లో తగువులు అరుగుమీద కూర్చుని తీర్చే పెద్దాయన. ఎవర్నీ పల్లెత్తు మాట అనడు. "ఆడపిల్ల కాపురం, కాస్త సర్దుకుపోవాలమ్మా" అని అందరికంటే మెత్తగా చెబుతాడు. ఆ ఆట లెక్కలో మామూలు మనిషి ప్రాణబలం నాలుగు. పెద్దాయనకీ నాలుగే ఇచ్చింది. కత్తి పట్టిన పాత్ర ఒక్క వేటు వేస్తే సరి.

వాళ్ళు మా మేడమీద మూడు రాత్రులు ఆడారు, నలుగురూ ఆడపిల్లలే. కత్తి పట్టిన పిల్ల మొదటి రాత్రే వేటు వేసేసింది. పెద్దాయన పోయాడు. కర్మ పన్నెండో రోజుకల్లా అదే అరుగుమీద ఆయన కొడుకు కూర్చున్నాడు, అవే మాటలు, అదే మెత్తదనం. ఆడేవాళ్ళు తెల్లబోయారు. రెండో రాత్రి వాళ్ళు అరుగు వదిలేసి పెరటి గుమ్మంలోంచి వెళ్ళారు. అక్కడ పెద్దాయన భార్య కట్టెల పొయ్యి ముందు ఉంది. నలభై ఏళ్ళుగా ఏ ఇంట్లో ఏ కోడలు ఏం అందో ఆయన చెవిన వేసింది ఆవిడే. ఎందుకు చేశావని వాళ్ళు అడిగారు. ఆవిడ అన్నం వార్చి, "మీరు భోజనానికి ఉంటారా, వెళ్తారా?" అంది.

మూడో రాత్రంతా ఆ వంటింట్లోనే గడిచింది. ఒక పిల్ల ఆవిణ్ణి కూడా విలనే అంది. ఇంకో పిల్ల కాదంది, గొంతు పెంచి మరీ. పాచిక ఎవరూ ముట్టుకోలేదు. రెండు దాటాక కిందనించి వాళ్ళ అమ్మల ఫోన్లు మొదలయ్యాయి.