సుర్తీ మేక, సాకే చేతి నేర్పు

సూరత్ అనగానే చీరలు, వజ్రాలు గుర్తొస్తాయి. ఆ ఊరి పేరే పెట్టుకున్న సుర్తీ మేకను తలిచేవారు తక్కువ. తెల్లటి ఒళ్లు, నిండైన పొదుగు. దూరం నడవలేదు గనుక పెరట్లో కట్టేసి మేపడానికి అనువు. అయితే అలా మేపితే ఖర్చంతా మేతదే. సాకేవాళ్ల నేర్పు అక్కడే తెలుస్తుంది.

తేమ తీసేసి లెక్కిస్తే 30 కిలోల పాడిమేకకు రోజుకు కిలోకు పైగా మేత కావాలి. సుబాబుల్, అవిసె రొట్ట, కందిపొట్టు సమకూరితే దాణా ఖర్చు తగ్గుతుంది. రొట్టను ఎత్తున వేలాడదీయాలి. తొక్కిన మేతను మేక ముట్టదు. పారుడు రోగానికి టీకా, వేళకు నట్టల మందు, 150 రోజుల చూలులో చివరి నెలన్నర అదనపు దాణా తప్పవు. మేత వృథా కాకుండా, పొదుగు చెడకుండా పూటపూటా కాచుకునే ఈ పనితనం ఏ చేతివృత్తికీ తీసిపోదు.