మొదటి ఓపెన్ పిస్టల్: ఏది కొనాలి, ఎందుకు కొనాలి

యాక్షన్ షూటింగ్‌లో గెలుపోటములు తేల్చేది చిన్న భాగహారం. వచ్చిన పాయింట్లను పట్టిన సెకన్లతో భాగిస్తే ‘హిట్ ఫ్యాక్టర్’ వస్తుంది. పదహారు తూటాల ఒక పోటీ ఘట్టంలో, అంటే ‘స్టేజ్‌’లో, ఒకరు అన్నీ నడిమధ్యలోనే కొట్టి 80 పాయింట్లూ తెచ్చుకున్నారు, 12 సెకన్లు పట్టింది. హిట్ ఫ్యాక్టర్ 6.67. ఇంకొకరు 72 పాయింట్లే తెచ్చినా 10 సెకన్లలో ముగించారు. ఆయనకు 7.2, స్టేజ్ ఆయనదే. అలాగని గురి గాలికొదిలేసి పరుగెడితే, గుడ్డిగా పోయిన ఒక్కో తూటాకు 10 పాయింట్లు కోత పడుతుంది.

హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ అమ్మాయి ఇషా సింగ్ పతకాలు తెచ్చిన పిస్టల్ పోటీలో షూటర్ నిలబడిన చోటు నుంచి కదలరు. యాక్షన్ షూటింగ్ వేరే సంప్రదాయం. టైమర్ మోగగానే హోల్‌స్టర్‌లోంచి పిస్టల్ తీసి, గోడల చాటు నుంచి తొంగిచూస్తూ, పరుగెత్తుతూ, దారిలోనే మ్యాగజైన్ మార్చుకుంటూ కాల్చాలి. ఈ ఆటకు అంతర్జాతీయ సంస్థ ఐపీఎస్‌సీ 1976లో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రం, కొలంబియాలో ఏర్పడింది. తొలి అధ్యక్షుడు జెఫ్ కూపర్. గురి, శక్తి, వేగం మూడూ సమపాళ్లలో ఉండాలన్నది సంస్థ సూత్రం. అమెరికాలో దీని శాఖ యూఎస్‌పీఎస్‌ఏ.

అన్నిటికీ అనుమతి ఉన్న విభాగం

ఆట పుట్టిన కొన్నేళ్లకే పిస్టళ్ల రూపం మారసాగింది. 1980లలో బ్యారెల్ కొసకు కాంపెన్సేటర్లు (కాంప్‌లు) వచ్చాయి. 1990లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో జరిగిన ప్రపంచ పోటీలో డగ్ కోనిగ్ అద్దంలో ఎర్ర చుక్క చూపించే రెడ్ డాట్ సైట్ బిగించిన పిస్టల్‌తో విజేతగా నిలిచాడు. ఇనుప సైట్లతో కాల్చేవాళ్లు ఇలాంటి గన్‌లతో పోటీపడటం కష్టమైంది. అందుకే 1990ల మొదట్లో విభాగాలు విడగొట్టారు. అద్దాలు, కాంప్‌లు, పొడవాటి మ్యాగజైన్లు అన్నీ చెల్లే విభాగానికి ఓపెన్ అని పేరు. ఇవాళ చాలాచోట్ల పోలీసుల పిస్టళ్ల మీద కనిపిస్తున్న రెడ్ డాట్ ఏళ్ల తరబడి రాటుదేలింది ఈ పోటీ మైదానాల్లోనే.

కాంప్ చేసే పని

తూటా బరువును గ్రెయిన్లలో, వేగాన్ని సెకనుకు అడుగుల్లో తీసుకుని గుణించి, వెయ్యితో భాగిస్తే పవర్ ఫ్యాక్టర్. ఓపెన్‌లో ‘మేజర్’ అనిపించుకోవడానికి ఐపీఎస్‌సీలో 160, యూఎస్‌పీఎస్‌ఏలో 165 కావాలి. 124 గ్రెయిన్ల తూటా 1,340 అడుగుల వేగంతో పోతే 166 వస్తుంది. మేజర్ తూటా లక్ష్యం నడిమధ్యకు బయట ఉన్న ‘సీ’ జోన్‌లో తగిలితే 4 పాయింట్లు, ఇంకా అంచున ఉన్న ‘డీ’లో తగిలితే 2. అంత శక్తి లేని ‘మైనర్’ తూటాకైతే 3, 1 మాత్రమే. నడిమధ్యలోని ‘ఏ’ జోన్‌లో తగిలితే ఎవరికైనా ఐదే. అంటే కొద్దిగా పక్కకు పోయిన తూటాకు మేజర్ కొంత పరిహారం ఇస్తుంది.

శక్తి పెరిగితే గన్ ఎగిరిపడాలి కదా? ఆ ఎగురును అణచడానికే కాంప్. మందు కాలి పుట్టిన వాయువులు కాంప్‌లోని రంధ్రాల గుండా పైకి చిమ్ముతాయి, ఆ తోపుడుకు పిస్టల్ మూతి కిందికి నొక్కుకుంటుంది. వాయువు ఎంత ఎక్కువుంటే కాంప్ అంత బాగా పనిచేస్తుంది. అందుకే ఓపెన్ షూటర్లు తేలికపాటి తూటాను, నెమ్మదిగా కాలే మందును ఎంచుకుంటారు. చప్పుడు చెవులు చిల్లులు పడేలా ఉంటుంది. పక్కన నిలబడ్డవాళ్ల ముఖానికి గాలి కొడుతుంది.

9 ఎం.ఎం.నా, .38 సూపరా?

కోల్ట్ కంపెనీ 1929లో తెచ్చిన .38 సూపర్ ఈ విభాగానికి పాత కాపు. దాని కేసు పొడవు కాబట్టి నెమ్మదిగా కాలే మందుకు చోటుంటుంది. చిక్కల్లా ఖాళీ కేసుల ఖర్చుతోనే. పెద్ద మ్యాచ్‌ల్లో కాల్చిన కేసులు ఏరుకోనివ్వరు. 9 ఎం.ఎం. కేసులైతే ఏ రేంజ్‌లో చూసినా కాళ్ల కింద దొర్లుతుంటాయి. మొదటి గన్‌కు 9 ఎం.ఎం. వైపు మొగ్గడమే తెలివైన పని.

ఒక్క హెచ్చరిక. 9 ఎం.ఎం.లో మేజర్ శక్తి తెప్పించాలంటే మామూలు ప్రమాణాలను మించిన ఒత్తిడి పుడుతుంది. ఆ తూటాలు ఓపెన్ కోసం కట్టిన పిస్టల్లోనే కాల్చాలి. పొరపాటున ఇంట్లో ఉన్న మామూలు 9 ఎం.ఎం.లో వేస్తే గన్ పగిలి చేతులకు ప్రమాదం. అంగడిలో ఇలాంటి తూటాలు అరుదు కాబట్టి చాలామంది కాల్చిన కేసుల్లో మళ్లీ మందు, తూటా నింపి సొంతంగా రీలోడ్ చేసుకుంటారు. ఆ పని రాకపోతే ముందు ఎవరైనా అనుభవజ్ఞుల దగ్గర కూర్చుని నేర్చుకోవాలి, గన్ కొనడం ఆ తర్వాత.

రెండు వంశాలు

అంగడిలో ప్రధానంగా రెండు వంశాల గన్‌లు కనిపిస్తాయి. మొదటిది ‘2011’ అని పేరుపడ్డ రకం. జాన్ బ్రౌనింగ్ 1911 పిస్టల్‌కు వెడల్పాటి మ్యాగజైన్ పట్టేలా 1990లలో టెక్సాస్‌లోని ఎస్‌టీఐ కంపెనీ రూపమిచ్చింది. పైన ఉక్కు ఫ్రేమ్, కింద విడిగా బిగించే ప్లాస్టిక్ గ్రిప్. ట్రిగ్గర్ నిటారుగా వెనక్కి జరుగుతుంది. విడిభాగాలు, బాగుచేసే గన్‌స్మిత్‌లు అమెరికాలో పుష్కలం.

రెండోది సీజెడ్ 75 వంశం. చెక్ దేశపు చెక్‌మేట్, ఇటలీ టాన్‌ఫోగ్లియో ఈ కోవలోవే. స్లైడ్ ఫ్రేమ్ లోపలి గాడుల్లో నడుస్తుంది. ఫ్రాన్స్‌కు చెందిన ఎరిక్ గ్రాఫెల్ ఏళ్ల తరబడి టాన్‌ఫోగ్లియోతోనే ప్రపంచ టైటిళ్లు గెలిచాడు కాబట్టి గన్ సత్తా మీద అనుమానం అక్కర్లేదు. చూసుకోవలసింది మీ చేతికి గ్రిప్ ఇముడుతోందా, బొటనవేలు సేఫ్టీని అందుకుంటోందా, మీ ఊళ్లో దాన్ని విప్పి బిగించగలవాళ్లున్నారా అన్నవే.

పేరున్న గన్‌స్మిత్ చేత కట్టించుకుంటే ఐదారు వేల డాలర్లు, నెలల తరబడి ఎదురుచూపు. మొదటిసారికి క్లబ్‌లో అందరికీ తెలిసిన సెకండ్‌హ్యాండ్ గన్ మేలు. అది ఎన్ని మ్యాచ్‌లు ఆడిందో, ఎక్కడ మొరాయించిందో చెప్పేవాళ్లుంటారు.

అసలు పరీక్ష మ్యాగజైన్‌దే

గన్‌కు వేలు పోసి మ్యాగజైన్ల దగ్గర చెయ్యి ముడుచుకుంటే ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టే. ఐపీఎస్‌సీ ఓపెన్‌లో మ్యాగజైన్ పొడవు 170 మిల్లీమీటర్లు మించకూడదు. అందులో ముప్ఫై దాకా తూటాలు కుక్కుతారు. దాని నోటి దగ్గర రెండు రేకు పెదవులుంటాయి. వాటి మధ్య ఎడం ఎక్కువైతే తూటా ముందే లేచి దూకుతుంది. తక్కువైతే స్లైడ్ తోసినా త్వరగా వదలక, ముక్కు కిందికి వాలి ఇరుక్కుంటుంది. అనుభవమున్నవాళ్లు ఈ ఎడాన్ని వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి, అంగుళంలో వెయ్యో వంతు లెక్కన సరిచేస్తారు. ప్రతి మ్యాగజైన్ అడుగున ఒక నంబరు రాసుకుంటారు. గన్ ఆగినప్పుడు ఆ నంబరు చూస్తే దొంగ ఎవరో తెలుస్తుంది. స్టేజ్ అయ్యాక కింద పడ్డవాటిని ఏరి, బ్రష్‌తో ఇసుక దులపడం అలవాటుగా పెట్టుకుంటారు.

ఇంత శ్రద్ధ దేనికంటే, 10 సెకన్ల స్టేజ్‌లో ఒక్క జామ్ సరిచేయడానికి 3 సెకన్లు పోతే అవే 72 పాయింట్లకు హిట్ ఫ్యాక్టర్ 5.54కు జారుతుంది. ఎంత ఖరీదైన కాంప్ కూడా ఆ నష్టాన్ని పూడ్చలేదు.

డాట్ నేర్పే పాఠం

డాట్ సైట్‌ను ఎక్కువగా ఫ్రేమ్‌కే బిగిస్తారు. కింద స్లైడ్ ముందుకూ వెనక్కూ కొట్టుకుంటున్నా డాట్ దానితో కదలదు. కొత్తవాళ్లకు మొదటి తంటా డాట్ కనబడకపోవడం. పిస్టల్ ఎత్తాక అద్దంలో చుక్క కోసం వెతుక్కుంటారు. దీనికి మందు ఇంట్లో ఖాళీ గన్‌తో సాధన. గదిలో ఒక్క తూటా కూడా ఉండకూడదు. చూపు లక్ష్యం మీద నిలిపి, గన్‌ను చూపు దగ్గరికి తేవాలి. కొన్ని వారాలకు చుక్క దానంతటదే వచ్చి కూర్చుంటుంది. అప్పటినుంచి అది మీ మీదే చాడీలు చెప్పడం మొదలుపెడుతుంది. కుడిచేతివాటం షూటర్ ట్రిగ్గర్‌ను గుంజితే కిందికి, ఎడమకు జారి చూపిస్తుంది. పట్టు సడలితే పైకి లేచి ఆలస్యంగా దిగుతుంది. ఇనుప సైట్లతో ఏళ్లు పట్టే ఈ ఎరుక ఓపెన్‌లో కొన్ని నెలల్లోనే కలుగుతుంది. ఈ విభాగం అసలు విలువ అదే.

మనవాళ్లు తెలుసుకోవలసిన చట్టం సంగతి కూడా ఉంది. భారత్‌లో 9 ఎం.ఎం. నిషిద్ధ బోర్, మామూలు లైసెన్సు మీద దొరకదు. అమెరికాలో గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు కొనొచ్చు. హెచ్1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లకు కొద్ది మినహాయింపులు తప్ప తుపాకీ దగ్గర పెట్టుకోవడమే నేరం. గన్ ఇంటికి తెచ్చుకునే ముందు న్యాయవాదిని అడగడం క్షేమం.

ఇక కొనేముందు క్లబ్‌లో ఎవరిదైనా అడిగి ఒక మ్యాగజైన్ కాల్చి చూడండి. కొన్నాక మీ తూటాలు, మీ మ్యాగజైన్లతో మూడు వందల రౌండ్లు ఆగకుండా నడిచేదాకా మ్యాచ్‌కు తీసుకెళ్లకండి. నడిచిందంటే ఇక దాని జోలికి పోకుండా, కొత్త కాంప్‌కు పెట్టాలనుకున్న డబ్బు తూటాల మీద పెట్టండి.