నేలా గోడా కలిసేచోట

విజయనగరంలో తాపీమేస్త్రీ గోడ నిలువు చూడాలంటే గుండు వేలాడదీస్తాడు, నేలకు రసమట్టం పెడతాడు. స్కేట్‌పార్కు కట్టేవాడి పనితనమంతా ఆ రెండింటి మధ్య ఉంటుంది. నేల ఎక్కడ ఆగిందో, గోడ ఎక్కడ మొదలైందో స్కేట్‌బోర్డు చక్రానికి తెలియకూడదు. అందుకే ప్లైవుడ్‌ను ఒకే వ్యాసార్ధంతో కోసి అచ్చులు నిలబెడతారు. కాంక్రీటు బిగుసుకోకముందే వాటి మీదుగా బద్ద లాగి, తాపీతో నున్నగా తీరుస్తారు. గిన్నెలా ఉండే బౌల్ అంచున ఇనుప గొట్టం రవ్వంత పైకి ఉండాలి, అడుగున నీళ్లు పోయే దారి ఉండాలి. 2014 హుద్‌హుద్ తుపాను చూసిన మన ఉత్తరాంధ్రలో కడితే, నేను మొదట అడిగేది ఆ నీటిదారి గురించే.

కానీ గీత గీయకముందే మంచి డిజైనర్ పిల్లల్ని పిలిచి కూర్చోబెడతాడు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఎంత ఎత్తు చాలు? ఆడపిల్లలు ఏ వేళకు రాగలరు? వెంట వచ్చిన అమ్మమ్మకు నీడ ఎక్కడ? ఆ జవాబుల్లోంచే నమూనా రావాలి. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో 1990లో కుర్రాళ్లే వంతెన కింద సిమెంటు కలిపి బర్న్‌సైడ్ పార్కు మొదలుపెట్టారు, నగరపాలన తర్వాత ఒప్పుకుంది. మధ్యప్రదేశ్‌లోని జన్వార్ గ్రామంలో 2015లో పార్కు వచ్చింది. బడికి వెళ్తేనే స్కేటింగ్ అన్నారు, ముందు వంతు ఆడపిల్లలదే అన్నారు. కొలతలంత శ్రద్ధగా ఆలోచించిన ఆ రెండో నియమం నాకు ఎంతో నచ్చింది.