వెర్డానా ఫాంటు: వెడల్పు ఎక్కడ గుణం, ఎక్కడ లోపం?

ఫాంటును విమర్శించేటప్పుడు ‘అందంగా ఉందా?’ అన్న ప్రశ్నతో మొదలుపెడితే చర్చ అభిరుచుల దగ్గరే ఆగిపోతుంది. ‘ఏ పరిమాణంలో, దేని మీద చదవడానికి దీన్ని తయారుచేశారు?’ అని మీరు ముందుగా అడగాలి. వెర్డానా అనే ఇంగ్లీషు ఫాంటు ఆధారంగా ఈ సూత్రాన్ని పరిశీలిద్దాం.

మైక్రోసాఫ్ట్ సంస్థ కోసం మాథ్యూ కార్టర్ రూపొందించిన వెర్డానా 1996లో విడుదలైంది. ఆనాటి కంప్యూటర్ తెర మీద చిన్న అక్షరానికి దక్కే పిక్సెళ్లు చాలా తక్కువ. అచ్చు కోసం గీసిన ఫాంటులను ఆ కొద్ది చుక్కల్లోకి కుదిస్తే వంపులు చెదిరిపోయేవి, పక్కపక్క అక్షరాలు అతుక్కుపోయేవి. అందుకే కార్టర్ పని క్రమాన్ని తిరగేశారు. ముందు పిక్సెళ్లతో అక్షరాలను పేర్చి, తరవాత వాటికి సరిపోయే రేఖలు గీశారు. ఏ పరిమాణంలో ఏ పిక్సెల్ వెలగాలో నిర్ణయించే సూక్ష్మమైన పనిని టామ్ రిక్నర్ చేశారు.

ఈ నేపథ్యం తెలిస్తే వెర్డానా రూపానికి కారణాలు బోధపడతాయి. చిన్నబడి అక్షరాలు ఎత్తుగా ఉంటాయి. ‘ఓ’, ‘సి’, ‘ఇ’ వంటి గుండ్రని అక్షరాలు వెడల్పుగా, లోపలి ఖాళీ పూడిపోకుండా ఉంటాయి. అక్షరాల మధ్య ఎడం ఎక్కువ. పెద్దబడి ‘ఐ’కి పైనా కిందా అడ్డగీతలుంటాయి. అందువల్ల అది చిన్నబడి ‘ఎల్’తో గానీ, ఒకటి అంకెతో గానీ కలగలిసిపోదు. పాస్‌వర్డ్‌ను, దరఖాస్తు సంఖ్యను చూసి టైపు చేసేవారికి ఈ తేడా ఎంత అవసరమో మీకు తెలుసు.

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. స్వీడన్‌లో పుట్టిన ఫర్నిచర్ సంస్థ ఐకియా 2009లో తన కేటలాగ్‌లో ఫ్యూచురా శైలి అక్షరాలను వదిలి వెర్డానాకు మారింది. అచ్చులోనూ వెబ్‌లోనూ, అన్ని దేశాల్లోనూ ఒకే రూపం ఉండాలన్నది సంస్థ చెప్పిన కారణం. డిజైనర్లు గట్టిగా నిరసించారు. సంస్థ చెప్పిన కారణం తీసిపారేయదగింది కాదు. కానీ పెద్ద శీర్షికల్లో ఆ వెడల్పు చోటును తినేస్తుంది, ఆ ఎడం పదాన్ని విడదీసినట్టు చేస్తుంది. తెర మీద గుణమైనదే కాగితం మీద లోపమైంది. అలాగని వెర్డానాయే చెడ్డ ఫాంటు అన్నవారి తీర్పు కూడా సరికాదు. తప్పు అక్షరానిది కాదు, దాన్ని ఉంచిన చోటుది.

‘ఒకే రూపం’ అన్న వాదానికీ ఒక హద్దుంది. వెర్డానాలో తెలుగు అక్షరాలు లేవు. భారతదేశంలో ఐకియా తొలి దుకాణం 2018లో హైదరాబాద్‌లో తెరుచుకుంది. ఇక్కడ తెలుగులో ఒక్క బోర్డు రాయాలన్నా మరో ఫాంటు కావాల్సిందే. 2019లో ఆ సంస్థ నోటోకు మారడం మొదలుపెట్టింది. తెలుగుతో సహా ఎన్నో లిపులున్న ఫాంటు కుటుంబమది.

నేటి ఫోన్ తెరల్లో పిక్సెళ్ల కరువు తీరింది. అయినా చిన్న అక్షరాల ఫారాలకు, పాత మానిటర్లకు వెర్డానా ఇప్పటికీ నమ్మదగిన ఫాంటే. గోడపత్రిక శీర్షికకు మాత్రం వేరేది వెతుక్కోండి.

అభ్యాసం: ఒకే ఇంగ్లీషు వాక్యాన్ని వెర్డానాలోనూ, ఏరియల్‌లోనూ 8, 48 పాయింట్లలో అచ్చు తీయండి. ఏ పరిమాణంలో ఏది సులువుగా చదవగలిగారో కారణాలతో రాయండి.