మస్జిదు దీపాలు: గాజు, వెలుగు, రాజుగారి పేరు

కైరో నగరంలోని ఇస్లామీయ కళల ప్రదర్శనశాలకు వెళ్ళినవారు గాజు వస్తువుల ముందు తప్పక ఆగుతారు. మమ్లూకు సుల్తానుల కాలపు మస్జిదు దీపాలు ఇన్ని ఒకచోట మరెక్కడా లేవు. పైకి విచ్చుకున్న మెడ, గుండ్రని పొట్ట, దాని చుట్టూ గొలుసులు తగిలించే చెవులు, ఒళ్ళంతా నీలం, ఎరుపు, తెలుపు రంగుల మీనా పని, అక్కడక్కడ మిగిలిన బంగారు పూత. చూపరి "ఎంత పనితనం!" అనుకుని ముందుకు సాగిపోతాడు. ఆ మెప్పు న్యాయమైనదే. కాని అతడు చూసినది పాత్రనా, దీపాన్నా?

పనితనాన్ని తక్కువచేయటానికి వీలులేదు. రంగుగాజును మెత్తగా నూరి, నూనె కలిపి, ఊది చేసిన దీపంపై కుంచెతో రాసి మళ్ళీ కొలిమిలో పెట్టాలి. రంగు కరగాలి, దీపం కరగరాదు. వేడి మించితే పొట్ట కుంగిపోతుంది. చాలకపోతే రంగు అంటదు. ఈజిప్టు, సిరియా పనివారు 14వ శతాబ్దంలో కంటి అంచనాతోనే దీనిని సాధించారు.

అయితే ఆ రాతలో వున్నదేమిటి? చాలా దీపాల మెడమీద సూరె నూర్‌లోని 35వ ఆయతు మొదటి భాగం వుంటుంది. అల్లాహ్ జ్యోతిని గూటిలోని దీపంతో ఉపమించి, ఆ దీపం చుట్టూ వున్న గాజును మిలమిలలాడే తారతో పోల్చిన ఆయతు అది. గాజును గురించిన మాటను గాజుమీదే రాయటం తేలికపాటి చమత్కారంగా తోచవచ్చు. లోపలి గిన్నెలో వత్తి వెలిగించినప్పుడు అది చమత్కారం కాదని తేలుతుంది. నీలపు అక్షరాల వెనుక గాజంతా కాంతితో నిండి, ఆయతు చెప్పినది కంటికి కనబడుతుంది.

కథ అక్కడితో ముగిస్తే బాగుండేది. పొట్టమీద మరొక రాత వుంది. సుల్తాను హసన్ దీపాలలో అక్కడ వున్నది ఆయన పేరు, బిరుదులు. వాటిని రాసిన పద్ధతి వేరు. అక్షరాలను ఖాళీగా విడిచి చుట్టూ నీలం నింపారు. నీలం కాంతిని అడ్డగిస్తుంది, అక్షరాలే వెలుగుతాయి. అంటే పైన ఆయతు నీలపు గీతలుగా నిలిచివుండగా, కింద రాజుగారి పేరు వెలుగై ప్రకాశిస్తుంది! దాత పేరు వక్ఫు గుర్తుకోసమే అని సమర్థించేవారు వుండవచ్చు. గుర్తుకోసమైతే అడుగున చిన్న అక్షరాలు చాలవా? కళను మెచ్చుతూ ఈ సంగతిని దాటవేయటం నిజాయితీ కాదు. 1356లో తాను ప్రారంభించిన మస్జిదు పూర్తికావటం హసన్ చూడలేదు. 1361లో ఆయనను పదవి నుంచి దించి చంపారు, శవం దొరకలేదు. ఆయన కట్టించుకున్న సమాధిలో ఆయన లేడు. ఇది తెలిసినవాడికి ఆ వెలిగే బిరుదులు వేరుగా కనిపిస్తాయి.

ప్రదర్శనశాలలో ఈ తేడా తెలియదు. అక్కడ వత్తి వెలగదు, వెలిగించమని కోరటమూ తగదు. ఆరువందల యేళ్ళు దాటిన గాజు అది. 2014 జనవరి 24న ఎదుటి పోలీసు కార్యాలయం వద్ద కారుబాంబు పేలితే ప్రదర్శనశాలలోని గాజు వస్తువులెన్నో ముక్కలయ్యాయి. చాలావాటిని అతికించి 2017లో తిరిగి తెరిచారు. భద్రత ముఖ్యమే. కాని కాంతి బయటినుంచి పడినప్పుడు మెడమీది ఆయతు, పొట్టమీది బిరుదులు ఒకే తీరు అలంకారంగా కనబడతాయి. చదవవలసినది చూడవలసినదిగా మారిపోతుంది.

సుల్తాను హసన్ మస్జిదు అక్కడికి నడిచి వెళ్ళగలిగేంత దూరంలోనే, కోట కింద, నేటికీ వుంది. ఎత్తైన కమానులనుంచి దీపపు గొలుసులు బారులుగా వేలాడుతుంటాయి. ప్రదర్శనశాలకంటె ముందు అక్కడికి వెళ్ళి, ఆ గొలుసుల కింద నిలబడి తలెత్తి చూసినవారికి ఆ అక్షరాలు అంత పెద్దవిగా ఎందుకున్నాయో విడిగా చెప్పనక్కరలేదు.